ఆపరేషను పిమ్మట పెద్దవారి సంధి

మన యిండ్లలో పెద్దవారెవరైన జారిపడి తుంటి యెముక విరుగగా, ఆపరేషను తప్పదని డాక్టరు చెప్పిన వెంటనే బంధువులందరి నోటను ఒకే ప్రశ్న పుట్టును. "పూర్తి మత్తు ఇత్తురా, నడుముకు సూది వేయుదురా?" పూర్తి మత్తు ఇచ్చిన ముసలివారికి మతి పోవునని కొందరును, నడుములో సూది గుచ్చిన జన్మాంతము నడుమునొప్పి వదలదని మరికొందరును వాదింతురు. ఆ వాదమునకు అంతముండదు. ఈ రెంటిలో ఏది కోరుకొందుమో దానినిబట్టియే పెద్దవారి తెలివి నిలుచుటయో పోవుటయో నిర్ణయమగునని మనలో చాలమంది నమ్మిక. ఈ నమ్మిక ఎంతవరకు నిజము, దీనికంటె ముందు మనము అడుగవలసిన ప్రశ్న ఏది అను విషయమును సోదరీమణులతో ముచ్చటింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను వైద్యురాలను కాను. జనగామలో నొక బడిపంతులుగారి యిల్లాలను. నాయనగారియొద్ద అమరమును, పిదప భారత భాగవతములను చదువుకొంటినేగాని కళాశాలకు పోయినదానను కాను. అయినను నిరుడు మా అత్తగారి కాపరేషను జరిగినపుడు పదునొకండు దినములు ఆసుపత్రిలో ఆమె మంచమువద్ద నుంటిని. అక్కడ కన్నది కొంత, మత్తు ఇచ్చిన వైద్యురాలు ఓర్పుతో చెప్పినది కొంత, ఇల్లు చేరిన పిదప మావారు ఇంగ్లీషు వైద్యపత్రికలు తెప్పించి నాకు చదివి చెప్పినది కొంత, కలిపి ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా సంధి యననేమో చెప్పవలెను. జ్వరము ముదిరినపుడు రోగి సంబంధములేని మాటలాడుట, లేనివి ఉన్నట్లు చూచుట, తనవారిని గుర్తింపకుండుట మన పెద్దలెరిగినదే. దానిని సంధి పుట్టినదనియు, ఆ మాటలను సంధిప్రేలాపన యనియు వారనెడివారు. నేటి డాక్టర్లు దీనినే డెలీరియమందురు. ఇది పిచ్చి కాదు. వృద్ధాప్యమున మెల్లమెల్లగా వచ్చు మతిమరపు రోగమును కాదు. ఆ మతిమరపు నెలలు, ఏండ్లు గడచినకొలది పెరుగును. సంధి యట్లుగాక గంటలలో, దినములలో కమ్ముకొనును. ఉదయము తేటగా నుండి, సాయంకాలమునకు ముదిరి, రాత్రి మిక్కుటమగును. దీనికి ముఖ్యలక్షణము మనస్సు ఒక చోట నిలువకుండుట. వారముల పేర్లను ఆదివారమునుండి వెనుకకు చెప్పుమనిన, ఆరోగ్యముగా నున్న పెద్దవారు తడుముకొనియైనను చెప్పుదురు. సంధిలో నున్నవారు రెండు పేర్లు చెప్పి దారి తప్పుదురు. ఆపరేషనైన మొదటి మూడు దినములలో ఇది తరచుగా తల యెత్తును. తుంటి యెముక విరిగిన వృద్ధులలో సుమారు ఐదుగురిలో నొకరికి, కొన్ని లెక్కలలో అంతకంటె హెచ్చుమందికి, వచ్చుచున్నది.

మా అత్తగారికి డెబ్బది నాలుగేండ్లు. కార్తికమాసమున తెల్లవారుజామున స్నానమునకు పోవుచు తడి బండపై జారిపడిరి. జనగామలో ఫోటో తీసి, తుంటి విరిగినదని వరంగల్లు పంపిరి. ఆసుపత్రి వరండాలో మా బావగారు నడుము సూదియే వలెననిరి. మా ఆడబిడ్డ అది వలదని కన్నీరు పెట్టుకొనెను. మత్తు వైద్యురాలు ఇద్దరి మాటలను విని, "అమ్మా, ఈమెకు రెండును పనికివచ్చును. గుండె, ఊపిరితిత్తులు, వాడుచున్న మందులు చూచి నేను నిర్ణయింతును. మీరు దీనికై వాదించుచు ఆలస్యము చేయకుడు. తుంటి విరిగినవారికి ఒకటి రెండు దినములలో ఆపరేషను జరుగుటే మేలు," అని చెప్పిరి. మరునాటి యుదయమున నడుముకు సూది వేసి ఎముక కూర్చిరి. ఆనాటి సాయంకాలము అత్తగారు మాతో చక్కగా మాటలాడి, నాలుగు చెంచాల జావ త్రాగిరి. గండము గడచెనని బావగారు జనగామకు మరలిపోయిరి.

రెండవ రాత్రి పదిగంటల వేళ ఆమె దుప్పటి లాగివేసి లేవబోయిరి. "బర్రె తాడు తెంపుకున్నది, పట్టుండ్రి" అని కేకవేసిరి. మా యింట బర్రె లేక ఇరువదియేండ్లైనది. నేను భుజము పట్టుకొని, "అత్తమ్మా, నేను" అనగా నావైపు తేరిచూచి, "నువ్వు ఎవలమ్మా? నా కోడలు యాడ పోయింది? దాన్ని పిలువుండ్రి" అనిరి. నా యెదుటనే నన్ను పిలువుమని వేడుకొనుచున్న ఆమెను చూచి నాకు నోట మాట రాలేదు. చేతికున్న సెలైను సూదిని ఊడబెరుక బోయిరి. అడ్డుపడిన నా చేతిపై కొట్టిరి. ఇరువదియేండ్ల కాపురములో ఆమె నన్ను చేయెత్తి ఎరుగరు.

మరునాడు చూడవచ్చిన బంధువులు తలకొక మాట యనిరి. గాలి సోకినదనిరి. మతి పోయినది, ఇక రాదనిరి. ఒకరు మంచమువద్దనే నిలిచి, "ఇంక ఆమెకేమి తెలియును, బీరువా తాళములు ఎవరియొద్ద నున్నవి?" అని యడిగిరి. సోదరీమణులారా, సంధి వచ్చిన పెద్దవారికి వినబడదనియో అర్థము కాదనియో తలచుట పొరబాటు. వారిలో చాలమందికి ఆ దినముల సంగతులు తునుకలు తునుకలుగా పిదప జ్ఞప్తికి వచ్చును. నేను తాళపు చెవుల గుత్తిని అత్తగారి చెంగున ముడివేసి, "ఆమెవి ఆమె యొద్దనే యున్నవి" అని చెప్పితిని.

ఆ వార్డులోనే మా ప్రక్కమంచముపై మానుకోట, అనగా మహబూబాబాదు, ప్రాంతపు తండానుండి వచ్చిన లంబాడీ అవ్వ యుండెను. ఆమెకును తుంటియే. రక్తము పలుచన చేయు మందు వాడుచుండుటచే నడుము సూది కూడదని పూర్తి మత్తు ఇచ్చిరి. ఆమెకు తెలుగు కొద్దిగా వచ్చును. రాత్రి నర్సు వచ్చి ఏమేమో యడుగగా బెదరి చూచెడిది. కాని కూతురు ప్రక్కనే కూర్చుండి "యాడీ, యాడీ" యని తమ భాషలో ఊరి సంగతులు చెప్పుచు, నీళ్లు త్రాగించుచు, మూడవనాడే వాకరు పట్టించి నాలుగడుగులు వేయించెను. ఆ యవ్వకు సంధి రాలేదు.

మూడవవాడు భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసి విరమించిన వృద్ధుడు. ఆయన మగవారి వార్డులో నుండగా, ఆయన భార్య నాకు నీళ్ల కుళాయివద్ద పరిచయమైనది. ఆయనకును నడుము సూదియే వేసిరి. రెండవనాడు చేతులు వణకుట మొదలిడి, మూడవనాటికి గోడపై చీమలు ప్రాకుచున్నవని కేకలు వేసెనట. దాని కారణమును పిమ్మట చెప్పెదను.

చూడుడు, నడుము సూది వేసిన ఇద్దరికిని సంధి వచ్చినది. పూర్తి మత్తు ఇచ్చిన అవ్వకు రాలేదు. లోకులనుకొను దానికి ఇది తలక్రిందులు. అయినను మూడు మంచములను చూచి శాస్త్రము చెప్పరాదు. శాస్త్రము కావలెనన్న వందలమందిని తీసికొని, చీట్లు వేసినట్లు రెండు తెగలుగా పంచి, ఒక తెగకు ఒక విధమైన మత్తును, రెండవ తెగకు రెండవదానిని ఇచ్చి సరిచూడవలెను. అట్టి పరీక్షలు జరిగినవి.

వృద్ధులకు మత్తువలన బుద్ధి చెడునను భయము క్రొత్తది కాదు. 1955లో బెడ్‌ఫర్డ్ అను ఇంగ్లీషు వైద్యుడు, ఆపరేషను పిమ్మట తెలివి మునుపటివలె లేని వృద్ధులనుగూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసెను. నడుము సూది 1898లో ఆగస్టు బియర్ అను జర్మను వైద్యుడు చేసి చూపినది. మందు వెన్నులోని నీటిలో కలిసి నడుము క్రిందిభాగమును మాత్రము మొద్దుబార్చును. మెదడును ముట్టని మత్తు గనుక మతికి మేలని తలచుట సహజమే. కాని 2021లో అమెరికా, కెనడా దేశములలోని 46 ఆసుపత్రులలో తుంటి విరిగిన 1600 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు వెలువడినవి. నడుము సూది తెగలో నూటికి 20.5 మందికిని, పూర్తి మత్తు తెగలో నూటికి 19.7 మందికిని సంధి వచ్చినది. అరువది దినముల పిదప నడువజాలనివారును, మరణించినవారును కలిసి రెండు తెగలలోను ఇంచుమించు సమానమే.

నడుము సూదితోపాటు నిద్రమందు కూడ ఇచ్చెదరు గదా, అందుచేతనే తేడా కానరాలేదేమో యని కొందరికి సందేహము కలుగవచ్చును. అదే కాలమున చైనాదేశములో 65 ఏండ్లు దాటిన 950 మందిపై మరియొక పరీక్ష జరిగెను. అందు సూది తెగవారికి నిద్రమందు ఈయలేదు. అయినను ఏడు దినములలో సంధి వచ్చినవారు సూది తెగలో నూటికి 6.2 మంది, పూర్తి మత్తు తెగలో 5.1 మంది. ఆ స్వల్పభేదము లెక్కకు వచ్చునది కాదని వైద్యులు తేల్చిరి. కాబట్టి ఊపిరితిత్తులు చెడినవారికి ఒకటి, రక్తము పలుచన చేయు మందు వాడువారికి మరొకటి యని వైద్యులు నిర్ణయించుటకు కారణములు వేరే కలవు. మతి నిలుపుట కొరకై మాత్రము మనము ఒకదానిని పట్టుపట్టి కోరనక్కర లేదు.

ఏ మత్తు మంచిదను తగవు మన తెలుగుగడ్డకును చిరపరిచితమే. 1846లో అమెరికాలో మోర్టన్ ఈథరును, 1847లో స్కాట్లండులో సింప్సన్ క్లోరోఫారమును ప్రజలయెదుట నిలిపిరి. రెంటిలో ఏది క్షేమమను వాదము లేచినపుడు, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయముతో హైదరాబాదులో 1888, 1889 సంవత్సరములందు రెండు క్లోరోఫారము కమిషనులు కూర్చుండెను. అక్కడి వైద్యపాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డు లారీ దానికి నాయకుడు. రెండవ కమిషనుకు లాన్సెట్ పత్రికవారు లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుని పంపిరి. జంతువులపై అనేక పరీక్షలు చేసి, నాడిని గాక ఊపిరిని కనిపెట్టుచుండుమని వారు తీర్పు చెప్పిరి. క్లోరోఫారము గుండెనే హఠాత్తుగా నిలుపగలదని 1911లో లెవీ అను వైద్యుడు నిరూపించుటచే ఆ తీర్పు సగము వీగిపోయినది. క్లోరోఫారమును వాడుకనుండి తొలగినది. కాని మత్తులో నున్న రోగిని కన్నార్పక కనిపెట్టవలెనను పాఠము మాత్రము నిలిచియున్నది. ఆ కాలముననే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి, ఆపరేషనులలో క్లోరోఫారము నిచ్చుచు, 1909లో ఎడింబరో వెళ్లి మరల చదివివచ్చిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచమునందలి తొలి మత్తు వైద్యురాండ్రలో నొకరని చెప్పుటకు మనము గర్వింపవచ్చును.

భోజప్రబంధమున నొక కథ కలదు. భోజరాజునకు దుర్భరమైన తలనొప్పి కలుగగా, ఇద్దరు వైద్యులు వచ్చి మోహచూర్ణమిచ్చి మైమరపించి, కపాలము తెరచి దోషమును తీసివేసి, పిదప సంజీవనితో తెలివి తెప్పించిరట. కథయే కావచ్చును. కాని ఆ కవి మోహచూర్ణముతో నిలువక, మేలుకొలుపుటకు వేరొక ద్రవ్యమును చెప్పుట నాకు వింతగా తోచును. మనము మోహచూర్ణమునుగూర్చి మాత్రము వాదించి, మేలుకొలుపు సంగతి మరచుచున్నాము. ఆపరేషను పిమ్మట వచ్చు సామాన్యమైన సంధిని మాన్పు మాత్ర ఇంతవరకు లేదు. ఉన్న సంజీవని మన చేతిలోనిదే.

అది యెట్లనగా, సంధి ఒక్క కారణమున పుట్టునది కాదు. విరిగిన యెముకవలనను, కోతవలనను శరీరమంతట పుట్టు తాపము మెదడును తాకును. దానికి నొప్పి, నిద్రలేమి, నీరు చాలకుండుట, మలబద్ధము, మూత్రము నిలిచిపోవుట, రక్తములో ఉప్పు తగ్గుట, ఊపిరితిత్తులలోనో మూత్రమునందో చీము పట్టుట, కొన్ని మందులు తోడగును. మెదడు ముందే అలసియున్నవారికి ఇందు రెండు మూడు కలిసిన చాలును. కళ్లజోడు తీసివేసి, చెవిమిషను తీసివేసి, కట్టుడుపళ్లు తీసివేసి, రాత్రింబవళ్లు ఒకే దీపము వెలుగుచున్న గదిలో పెట్టిన, ఆరోగ్యవంతులకే దిక్కు తోచదు. డెబ్బదియేండ్లవారి మాట చెప్పనేల?

1999లో అమెరికాలో షారన్ ఇనౌయే అను వైద్యురాలు ఈ చిన్న విషయములనే చక్కదిద్దిన ఏమగునో చూచిరి. రోగములతో ఆసుపత్రి చేరిన 70 ఏండ్లు దాటిన 852 మందిలో, కళ్లజోడు, చెవిమిషను, నీరు, నిద్ర, నడక, కబుర్లు క్రమముగా జరిగినవారికి నూటికి 9.9 మందికిని, మామూలు పరిచర్య జరిగినవారికి 15 మందికిని సంధి వచ్చినది. 2017లో తైవానులో కడుపు ఆపరేషను జరిగిన 377 మంది పెద్దవారిపై వెలువడిన పరీక్ష మరింత యాశ్చర్యకరము. దినదినము పలుకరించి చోటు, వేళ గుర్తుచేయుట, నోరు శుభ్రము చేసి తినిపించుట, త్వరగా నడిపించుట, ఈ మూడే చేసిరి. సంధి వచ్చినవారు నూటికి 6.6 మంది. ఇవి జరుగనివారిలో 15.1 మంది. ఏ మత్తు నెంచుకొనినను రాని తేడా, మంచినీళ్లును మంచిమాటలును తెచ్చినవి. తండానుండి వచ్చిన కూతురు ఏ పత్రికయు చదువకయే ఈ మూడును చేసినది.

ఇక భూపాలపల్లి వృద్ధుని సంగతి. ఆపరేషనుకు ముందు మత్తు వైద్యురాలు తాగుడు అలవాటు కలదా యని యడుగగా, కొడుకులు నామోషీపడి లేదనిరట. ఆయన ముప్పదియేండ్లుగా సాయంకాలము కల్లు మానిన దినము లేదు. మూడవనాడు భార్య నర్సు చెవిలో నిజము చెప్పెను. తెలంగాణమున కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలము, డయాజెపాము, క్లోరల్ హైడ్రేటు అను నిద్రమందులు కలుపుట ఆబ్కారీవారు పలుమారులు పట్టుకొన్న సంగతియే. అట్టి కల్లు ఒక్కసారిగా మానిన, వణకు, మూర్ఛలు, భ్రమలు కలుగును. 2020లో కరోనా నిర్బంధమున కల్లు దుకాణములు మూతపడినపుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యాలయమునకు ఇట్టివారు అనేకులు వచ్చిరి. ఇక్కడ గమనింపవలసినది మరియొకటి కలదు. ఇతర వృద్ధులకు సంధి తెచ్చునని వైద్యులు దూరముంచు నిద్రమందుల జాతియే, మద్యమో కల్తీకల్లో మానుటచే కలిగిన సంధికి చికిత్స. నిజము తెలియనిచో డాక్టరు సరియైన మందు నెట్లు ఈయగలరు? ఆ యిల్లాలు నోరు తెరచుటచేతనే ఆయన నాలుగు దినములలో తేరుకొనెను. పెద్దవారి పరువు కాపాడుటయన్న వారి అలవాటును దాచుట కాదు, వారి ప్రాణమును నిలుపుటయే.

కాబట్టి మన యింట ఇట్టి గడ్డుదినము వచ్చినపుడు చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను. ఆపరేషనుకు ముందే, పెద్దవారు వాడు మాత్రలన్నిటిని ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపవలెను. నిద్రమాత్రలు, జలుబు దురద మాత్రలు, నాటుమందులు కూడ అందులో నుండవలెను. మన యిష్టమున ఏదియు మాన్పరాదు. మునుపెన్నడైన సంధి వచ్చినదా, ఈ మధ్య మరపు హెచ్చినదా, చెవి వినబడునా, తాగుడు కలదా అను నాలుగు సంగతులను అడుగకముందే చెప్పవలెను. "ఏ మత్తు ఇత్తురు?" అనుటకంటె "మత్తు దిగిన పిదప ఈమె తెలివిని కనిపెట్టుటకు మేమేమి చేయవలెను?" అని యడుగుట మేలు. నిద్రమందు తప్పనిసరియా, నొప్పికి తుంటివద్ద నరమునకు సూది వేయుట వీలగునా, మూత్రపు గొట్టమును ఎప్పుడు తీయుదురు అని వినయముగా నడుగవచ్చును. నొప్పిని ఓర్చుకొమ్మనుట మంచిది కాదు. తీరని నొప్పియే సంధిని పిలుచును.

మత్తు దిగి వార్డుకు రాగానే కళ్లజోడు, చెవిమిషను, పళ్లు పెట్టవలెను. పగలు కిటికీ తెరచి, రాత్రి దీపము తగ్గింపవలెను. వచ్చినవారెవరో, దినమేదో, ఊరేదో మాటలలో కలిపి చెప్పుచుండవలెనేగాని పరీక్షచేసినట్లు ప్రశ్నలు గుప్పింపరాదు. డాక్టరు అనుమతించిన వెంటనే కొద్దికొద్దిగా నీరు త్రాగించి, మంచముపై కూర్చుండబెట్టి, నడిపింపవలెను. రాత్రి తోడుండువారు దినమునకొకరుగా మారక, వారెరిగిన ముఖమే యుండుట మంచిది. సంధి పుట్టినచో వాదింపకుడు. బర్రె తాడు తెంపుకొన్నదనిన, బర్రె లేదని కసరుట వ్యర్థము. "కట్టివేసినారు అత్తమ్మా, మీరు పడుకొనుడు" అనిన మనసు చల్లబడును. చేతులు కట్టివేయుటవలన భయము హెచ్చి సంధి ముదురును. అది కడపటి యుపాయముగానే యుండవలెను. వెంటనే నర్సుకు చెప్పి, కారణము వెదకుమని కోరవలెను. చీమో, ఉప్పు తగ్గుటయో, మూత్రము నిలుచుటయో ఏదో యొకటి తరచుగా దొరకును. మా అత్తగారికి మూత్రమున చీము కనబడినది.

మరియొక హెచ్చరిక. కేకలువేయు సంధిని అందరును చూతురు. కాని వృద్ధులలో మౌనసంధియే హెచ్చు. పిలిచిన పలుకక, గోడవైపు తిరిగి, ముద్ద ముట్టక మగతగా పడియుందురు. "పాపము, బుద్ధిగా పడుకొన్నది" అని మనము సంతసింతుము. వారము పేర్లు వెనుకకు చెప్పుమని యడిగిచూచిన తెలియును. కేకలకంటె ఈ మౌనమే యెక్కువ భయపడదగినది.

అత్తగారికి అయిదవనాటికి తెలివి వచ్చుటయు పోవుటయుగా నుండి, తొమ్మిదవనాటికి పూర్తిగా తేటపడెను. అందరికిని ఇంత త్వరగా తేటపడదు. కొందరికి వారములు, నెలలు పట్టును. సంధి వచ్చినవారికి మునుముందు మతిమరపు కలుగు అవకాశము హెచ్చని కూడ వైద్యులు చెప్పుచున్నారు. అందుచేతనే రాకుండ చూచుట ముఖ్యము. ఇంటికి వచ్చిన పదిదినములకు ఆమె ఒక మధ్యాహ్నము నా చేయి పట్టుకొని, "నిన్ను కొట్టిన్నా బిడ్డా?" అని యడిగిరి. లేదనుటకు నాకు నోరు రాలేదు. "మీరు కొట్టలేదు అత్తమ్మా, జబ్బు కొట్టింది" అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, చెంగుననున్న తాళపు చెవులను తడిమిచూచుకొని, "ఇవి ఎవ్వరు తీయలే?" అనిరి. నాటి మంచమువద్ద మాట ఆమె విన్నదని నాకప్పుడు తెలిసినది. ఇప్పుడు ఊతకఱ్ఱతో నడచుచు, ఎప్పటివలెనే బియ్యపు డబ్బా తానే కొలిచి యిచ్చుచున్నారు.

2016లో పాత వరంగల్లు జిల్లానుండి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేరు జిల్లాలైనవి. మహబూబాబాదులో 2022లోను, తక్కిన రెండు చోట్ల 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. తుంటి ఆపరేషనులు ఊరికి దగ్గరగా జరిగినకొలది, పెద్దవారికి తమ భాష, తమ ముఖములు దగ్గరగా నుండును. ఆ కళాశాలలలో చదువు మన బిడ్డలు మత్తునిచ్చు విద్యతోపాటు, మేలుకొన్నవారి ప్రక్కన కూర్చుండు విద్యను కూడ నేర్తురుగాక. అంతవరకు ఆ రెండవ విద్య మనదే. మత్తు సంగతి వైద్యులకు వదలి, మేలుకొలుపు భారమును మనము తలకెత్తుకొందము.